వీలునామా: మన ఇళ్ళలో తెలుసుకోవలసిన సంగతులు, సాయం చేసే మన పిల్లలు

సంఘం ఆఫీసుకు వచ్చే పెద్దలు నన్ను రెండు సంగతులే ఎక్కువగా అడుగుతుంటారు. మనవలకు తెలుగు క్లాసు ఎప్పుడు మొదలుపెడతారు అన్నది ఒకటి. ఇంటి కాగితాలు ఎవరిచేత రాయిస్తే మంచిది అన్నది రెండోది. మొదటిదానికి నోటితో జవాబు చెప్పగలను. రెండోదానికి ప్రతిసారీ గంట పడుతోంది. అందుకే ఇక్కడ రాసిపెడుతున్నాను. ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేసినవాణ్ణే గాని వకీలును కాను. చట్టం సంగతులు మన సంఘంలోని కుర్ర వకీళ్ళు, చార్టర్డ్ అకౌంటెంట్లు సరిచూసినవి. మీ ఇంటి విషయంలో నిర్ణయం తీసుకునే ముందు మాత్రం మీ కాగితాలు చూసినవారి మాటే వినండి.

వెనకటి రోజుల్లో ఎవరు రాసేవారు

మన తాతల కాలంలో కరణంగారో, కన్నడ సీమలో శానుభోగులో, కచేరి ముందు చెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరో రాసిపెట్టేవారు. ఎవరి పొలం గట్టు ఎక్కడిదో, ఎవరి అన్నదమ్ములు ఎప్పుడు వేరుపడ్డారో వాళ్ళకు నోటికి వచ్చు. పేదవాడైతే డబ్బు అడగకుండా రాసిచ్చినవారున్నారు. చదువురానివాడి నోట్లో మన్ను కొట్టినవారూ ఉన్నారు. కర్ణాటకలో 1961 చట్టంతో వంశపారంపర్య గ్రామాధికారాలు పోయాయి. తమిళనాడులో 1980లో, ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణం పదవులు రద్దయ్యాయి. పదవి పోయినా అవసరం పోలేదు. మన ఇంటి సంగతి తెలిసి, మన భాషలో వివరించి, నాలుగు మాటలు కాగితం మీద పెట్టే మనిషి లేకుండా పోయాడు.

ఆ ఖాళీలోకి ఇప్పుడు మన పిల్లలే వస్తున్నారు. బళ్ళారి, బెంగళూరు, హోసూరు, చెన్నై, షోలాపూర్, బరంపురం ఎక్కడ చూసినా మన ఇళ్ళలో లా చదివినవారు, సీఏ, కంపెనీ సెక్రటరీ పాసైనవారు ఉన్నారు. పగలు కంపెనీల పని చూసుకుని ఆదివారం పూట పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వీలునామాలు, ఆస్తి జాబితాలు రాసిపెట్టేవాళ్ళను నేను చూస్తున్నాను. ఇంగ్లీషులో దీనికి ఎస్టేట్ ప్లానింగ్ అని పెద్ద పేరు. మన మాటల్లో చెప్పాలంటే, పోయేలోగా ఇల్లు చక్కబెట్టుకోవడం.

నేను చేసిన తప్పు

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇది. సుమారు పన్నెండేళ్ళ కిందట మా వీధిలో ఒక పెద్దమ్మ ఉండేవారు. భర్త పోయారు. ఇద్దరు కొడుకులు, ఆదోనిలో ఇచ్చిన కూతురు. ఇల్లు ఆమె పేరు మీదే ఉండేది. "నా తదనంతరం ముగ్గురికీ పంచేట్టు రాయించరా" అని పెద్దకొడుకుతో అన్నారు. కాగితం కన్నడంలో తయారైంది. ఆమె కన్నడం చక్కగా మాట్లాడేవారు, చదవడం మాత్రం తెలుగే వచ్చు. నన్ను సాక్షిగా రమ్మన్నారు. నాకు కన్నడం చదవడం వచ్చు. రిజిస్ట్రారు ఆఫీసులో జనం, తొందర. నా పేరు ఎక్కడుందో చూసి సంతకం పెట్టాను.

అది వీలునామా కాదు, పెద్దకొడుకు పేర దానపత్రం. రెండేళ్ళ తర్వాత ఇంటిపన్ను రసీదు కొడుకు పేరుతో వచ్చినప్పుడుగాని ఆమెకు తెలియలేదు. నేను సిగ్గుపడుతూ వెళ్ళి కూర్చుంటే, "నువ్వు చదివావనుకున్నాను నాయనా" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. చివరిదాకా మేడమీద చిన్నగదిలోనే ఉన్నారు. కూతురికి ఏమీ రాలేదు.

ఈ సంగతి సంఘం సమావేశంలో చెప్పాను. ఆ రోజు నుంచి మా కుర్ర వకీళ్ళు ఒక నియమం పెట్టుకున్నారు. కాగితం ఏ భాషలో ఉన్నా, సంతకానికి ముందు పెద్దవారికి మొత్తం తెలుగులో చదివి వినిపించాలి. ఆ సమయంలో ఆస్తి పొందే బిడ్డ గదిలో ఉండకూడదు.

మూడు కాగితాలు, మూడు ఫలితాలు

వీలునామా రాసినవారు పోయాకే అమలులోకి వస్తుంది. బతికి ఉన్నంతకాలం ఆస్తి వారిదే. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. చివరగా రాసినదే చెల్లుతుంది.

దానపత్రం, సెటిల్‌మెంట్ దస్తావేజు రిజిస్టరైన నాటి నుంచే ఆస్తిని ఇచ్చేస్తాయి. మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ఒక రక్షణ ఇచ్చింది. ఆస్తి పుచ్చుకున్నవారు తిండి, బట్ట, వైద్యం చూడాలన్న షరతు మీద ఇచ్చి, వారు చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. ఆ షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాసి ఉంటే పని తేలిక. మా పెద్దమ్మ కాగితంలో ఆ వాక్యం లేదు. తప్పనిసరై దానం రాయవలసి వస్తే, పోషణ షరతు, బతికినంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు రెండూ రాయించండి.

నామినేషన్ అంటే డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలో బ్యాంకుకు చెప్పడం మాత్రమే. సాధారణంగా నామినీ ఆ డబ్బుకు సొంతదారు కాడు, వారసుల తరఫున పుచ్చుకునేవాడు. షేర్ల విషయంలోనూ సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే మాట చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులను, భార్యను లేక భర్తను, పిల్లలను నామినీగా పెడితే ఆ సొమ్ము వారికే చెందుతుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. పెద్దకొడుకును నామినీ చేసి, వీలునామాలో అందరికీ సమానమని రాసి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా పోతే జరిగేది గొడవే. రెండింటికీ పొంతన ఉండాలి.

వీలునామా చెల్లడానికి ఏం కావాలి

పద్దెనిమిదేళ్ళు నిండి, మతి స్థిమితంగా ఉన్న ఎవరైనా రాయవచ్చు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం రాసినవారు సంతకమో వేలిముద్రో పెట్టాలి. కనీసం ఇద్దరు సాక్షులు దాన్ని చూసి, వారి ఎదుటే తామూ సంతకం చేయాలి. స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్లకాగితం చాలు. చేతిరాతైనా సరే, టైపైనా సరే.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయిస్తే మంచిది. కాగితం పోయినా నకలు దొరుకుతుంది, దొంగ కాగితమన్న మాట తేలిగ్గా రాదు. సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు దగ్గర భద్రపరచే సదుపాయం కూడా 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది.

సాక్షుల సంగతిలో మూడు జాగ్రత్తలు. ఆస్తి పొందేవారు, వారి భార్యాభర్తలు సాక్షులుగా ఉండకూడదు. తగాదా వస్తే సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టులో చెప్పాలి కాబట్టి మీకంటే చిన్నవారిని పెట్టుకోండి. మూడోది నా అనుభవం. వీలునామాకు సాక్షి లోపలి సంగతి చదివి తీరాలని చట్టం అనదు. కాని పెట్టే సంతకం ఏ రకం కాగితం మీదో తెలియకుండా పెట్టవద్దు.

వయసు బాగా మీదపడినవారు రాస్తుంటే, అదే రోజు డాక్టరుచేత మతి స్థిమితంగా ఉందన్న సర్టిఫికెట్టు తీసుకోవడం మంచిది. మా పిల్లలు చదివి వినిపించడం, సంతకం చేయడం ఫోనులో వీడియో తీసి ఉంచుతున్నారు. చట్టం వీటిని అడగదు. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే ఉపయోగపడతాయి.

తెలుగులో రాయవచ్చా

నిక్షేపంగా రాయవచ్చు. వీలునామా ఏ భాషలోనైనా ఉండవచ్చు. రిజిస్టరు చేయించాలంటే మాత్రం రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షన్ గుర్తుంచుకోవాలి. ఆ అధికారికి రాని భాషలో, ఆ జిల్లాలో వాడుకలో లేని భాషలో కాగితం ఉంటే, అక్కడి భాషలోకి సరైన అనువాదం, ఒక నకలు జతచేయాలి. షోలాపూర్‌లో తెలుగు వీలునామాకు మరాఠీ అనువాదం, బరంపురంలో ఒడియా అనువాదం అడిగితే కోపం తెచ్చుకోకండి, అది చట్టమే.

స్థానిక భాషలోనే రాయిస్తే చివర ఒక పేరా తప్పక చేర్చండి: "దీన్ని ఫలానావారు నాకు తెలుగులో పూర్తిగా చదివి వినిపించారు, నేను అర్థం చేసుకుని సంతకం చేశాను." చదివినవారి పేరు, సంతకం కూడా ఉండాలి.

ఏది నాది, ఏది ఉమ్మడిది

సొంతంగా సంపాదించినది ఎవరికైనా రాయవచ్చు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మన వాటా వరకే రాయగలం. భార్య పోయిన ఒక పెద్దాయనకు ఒక కొడుకు, ఒక కూతురు, పిత్రార్జితమైన ఉమ్మడి ఇల్లు ఉన్నాయనుకోండి. ముగ్గురికీ మూడో వంతు చొప్పున వస్తుంది. ఇల్లంతా కొడుక్కే అని తండ్రి రాసినా ఆయన మూడో వంతు మాత్రమే కొడుక్కు పోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. తండ్రి స్వార్జితం, ఆయన వీలునామా లేకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకుకు వచ్చినప్పుడు అది ఆ కొడుకు సొంత ఆస్తే. తాత సంపాదన గనుక మనవడికి పుట్టుకతోనే హక్కు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే సవరణ తెచ్చిన రాష్ట్రాల్లో మొదటిది ఆంధ్రప్రదేశే. 1986లో చట్టమై 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో తెచ్చాయి. ఆ సవరణలు అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళను పక్కన పెట్టాయి. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్ళయినా కాకపోయినా కూతురికి సమాన హక్కే. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడరు. "కట్నం ఇచ్చాం, ఇంక ఏముంది" అన్న మాట కోర్టులో నిలవదు.

మగవారు వీలునామా లేకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్ళతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. కొడుకు ముందుగా పోయిన ఇళ్ళలో ముసలితల్లికి వాటా ఉందన్నది మరచిపోకండి.

ఆడవారి సంగతి ఇంకా ముఖ్యం. భర్త, పిల్లలు లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె ఉద్యోగం చేసి కొన్న ఇల్లు భర్త తరఫు వారసులకు పోతుంది. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చినది తండ్రి వారసులకు వెళుతుంది. జీవితమంతా టీచరుగా చేసి, తమ్ముడి పిల్లలను పెంచిన అక్కలు మన ఇళ్ళలో ఎందరో. కాగితం రాయకపోతే ఆ పిల్లలకు ఆ ఇంట్లో చోటు ఉండదు. పిల్లలు లేని అక్కచెల్లెళ్ళు, పిన్నులు అందరికంటే ముందు రాయవలసినవారు.

ఇంటిపేరు తిప్పలు

మన కుటుంబాలకు ఇది ప్రత్యేకమైన ఇబ్బంది. తమిళనాడులో ఇంటిపేరు పోయి తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందు చేరింది. మహారాష్ట్రలో తండ్రి పేరు నడుమకు, ఇంటిపేరు చివరకు పోయింది. ఊళ్ళో పాసుపుస్తకంలో ఇంటిపేరు ముందుంటుంది. ఒకే మనిషికి మూడు పేర్లు. వీలునామాలో "ఫలానా పేరుతోనూ, ఫలానా పేరుతోనూ వ్యవహరించబడే నేను" అని కాగితాల్లో ఉన్న పేర్లన్నీ రాయాలి. ఆస్తి పొందే పిల్లలకూ అలాగే రాయాలి.

రెండు రాష్ట్రాల్లో ఆస్తి ఉంటే

ఉంటున్న ఊళ్ళో ఇల్లు, రాయలసీమలోనో శ్రీకాకుళంలోనో రెండెకరాలు ఉండటం మన ఇళ్ళలో మామూలే. రెంటికీ ఒకే వీలునామా చాలు. ప్రతి ఆస్తికీ సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు అక్కడి రికార్డులో ఉన్నట్టే ఎత్తిరాయాలి. ఆంధ్రలో అడంగల్, 1బి, కర్ణాటకలో పహణీ, ఖాతా, తమిళనాడులో పట్టా, మహారాష్ట్రలో సాత్‌బారా చూసి రాయించండి. తర్వాత పేరు మార్పుకు ఏ రాష్ట్రం కాగితాలు ఆ రాష్ట్రానివే అడుగుతారు. కర్ణాటకలో వంశవృక్షం, తమిళనాడులో తహశీల్దారు ఇచ్చే వారసుల సర్టిఫికెట్టు అలాంటివే.

చెన్నై, ముంబై నగరాల్లోని ఆస్తులకు హిందువుల వీలునామాపై కోర్టు ప్రొబేట్ తప్పనిసరి అని చాలాకాలం ఉండేది. దానికి ఆధారమైన 213వ సెక్షన్‌ను పార్లమెంటు 2025 డిసెంబరులో తొలగించింది. తగాదా ఉన్నచోట ప్రొబేట్ తీసుకోవడం ఇప్పటికీ మేలే.

వారసత్వ పన్ను గురించి భయపడేవారికి ఒక మాట. ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. వీలునామా ద్వారా వచ్చిన ఆస్తిపై, అది వచ్చినందుకు పన్ను లేదు.

మతాన్ని బట్టి, యానాంను బట్టి తేడాలు

మన క్రైస్తవ కుటుంబాల్లో వీలునామా రాశాక పెళ్ళి చేసుకుంటే ఆ వీలునామా రద్దవుతుంది. సాక్షికి గాని, సాక్షి భార్యాభర్తలకు గాని రాసిన ఆస్తి వారికి చెల్లదు. ముస్లిం కుటుంబాల్లో అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మూడో వంతు వరకే వీలునామా ద్వారా ఇవ్వవచ్చు. అంతకు మించితే వారసుల అంగీకారం కావాలి.

యానాం 1954లో ఫ్రెంచివారి పాలన నుంచి బయటపడింది, చట్టరీత్యా అప్పగింత 1962లో జరిగింది. ఫ్రెంచి కాలంలో 1881 డిక్రీ ప్రకారం సొంత మతాచారాల చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్‌ను స్వీకరించినవారిని రెనోన్సాంట్లు అంటారు. పుదుచ్చేరి ప్రాంతంలో వారి సంతతికి హిందూ వారసత్వ చట్టం వర్తించదు. మీ ముత్తాతల కాగితాల్లో అలాంటి నమోదు ఉందేమో చూపించుకున్నాకే వీలునామా మొదలుపెట్టండి.

ఎవరిని పిలవాలి, ఏం అడగాలి

వకీలు కాగితం రాస్తాడు, కోర్టులో నిలబడతాడు. చార్టర్డ్ అకౌంటెంటు డిపాజిట్లు, షేర్లు, పన్నులు లెక్కతీస్తాడు. దస్తావేజు లేఖరికి రిజిస్ట్రారు ఆఫీసు పద్ధతులు తెలుసు. ఒకరి పని మరొకరు చేస్తానంటే జాగ్రత్తపడండి.

మన పిల్లలైనా సరే, ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి. ఫీజు ఎంతో ముందే చెబుతారా? నాతో ఒంటరిగా మాట్లాడతారా? నేను చెప్పింది నా కొడుక్కైనా చెప్పకుండా ఉంచుతారా? మొత్తం తెలుగులో చదివి వినిపిస్తారా? అసలు కాగితం నా దగ్గరే ఉంచుతారా? ఆస్తిలో వాటా ఇస్తే కేసు నడిపిస్తానన్న వకీలును అక్కడే వద్దనండి. అలా ఒప్పుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం.

ఉచితంగా చేస్తానన్న కుర్రవాణ్ణి కూడా ఏదో ఒక ఫీజు పుచ్చుకోమనండి. తాతలు బుట్టెడు కూరగాయలైనా ఇచ్చేవారు గాని ఊరికే రాయించుకోలేదు. ఫీజు ఇచ్చుకోలేని వితంతువులకు, ఒంటరివారికి మా సంఘం పిల్లలు డబ్బు తీసుకోకుండా చేస్తున్నారు. మీ ఊళ్ళో అలాంటివారు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. ఫోను నంబరు 15100.

ఈ ఆదివారం చేయవలసినవి

1. ఒక నోటుపుస్తకంలో ఆస్తులు, డిపాజిట్లు, బీమా, బంగారం, అప్పులు, ఇవ్వవలసినవారు, రావలసినవి వరుసగా రాయండి.
2. ప్రతి ఖాతాలో నామినీ ఎవరున్నారో పుస్తకం తీసి చూడండి. పోయినవారి పేరు ఇంకా ఉంటే మార్పించండి.
3. పదేళ్ళుగా కదలని బ్యాంకు ఖాతా సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది, వారసులు అడిగి తెచ్చుకోవచ్చు. తాతగారి పాత ఖాతాలను రిజర్వు బ్యాంకు వారి ఉద్గమ్ పోర్టల్‌లో పిల్లలచేత వెతికించండి.
4. వీలునామా అమలు చేసే బాధ్యత ఎవరిదో అనుకుని, వారిని ముందే అడగండి.
5. కాగితం ఎక్కడ ఉందో కనీసం ఇద్దరికి చెప్పండి. లోపల ఏముందో చెప్పడం మీ ఇష్టం.

వీలునామా రాస్తే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ అనేది. నేను అరవయ్యో ఏట రాసుకున్నాను. ఇల్లు ఎవరికి, ఊళ్ళో ముక్క ఎవరికి, మా ఆవిడ బతికినంతకాలం ఎక్కడ ఉండాలి, అన్నీ నాలుగు పేజీల్లో తేలిపోయాయి. సంతకానికి ముందు మా సంఘం కుర్ర వకీలు మొత్తం తెలుగులో చదివి వినిపిస్తుంటే, "నాకు చదవడం వచ్చు కదమ్మా" అన్నాను. "వచ్చినా వినండి బాబాయ్" అని ఆ అమ్మాయి మొదటినుంచి మళ్ళీ చదివింది.

విన్నాను. మీరూ వినండి, విన్నాకే సంతకం పెట్టండి.